ఎస్‌ఎంపీఎస్ టెస్టర్: బాగాలేదంటే నమ్మండి, బాగుందంటే మాత్రం ఆగండి

ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటు సరఫరా చేసే డబ్బా. ఆన్ కాని పాత డెస్క్‌టాప్ కోసం, ఆ డబ్బా బాగుందో లేదో చూసే ఎల్‌సీడీ తెర ఉన్న ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ ఒకటి కొన్నాను, అరచేతిలో పట్టేంత ఉంటుంది. నాలుగు నెలలుగా వాడుతున్నాను. పరికరం మంచిదే. కానీ నేను ఏ ఫాల్ట్ కోసం కొన్నానో దాన్నే అది పట్టలేదు, పైగా రెండు రోజుల పాటు నా అనుమానమంతా మదర్‌బోర్డు మీదికి పోయేలా చేసింది. ఎందుకలా జరిగిందో అర్థమయ్యాకే దీన్ని ఎలా వాడాలో తెలిసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మెషిన్ సంగతి ముందు చెప్పాలి. పద్నాలుగేళ్ల నాటిది. ఇంత పాతదానికి ఈ తిప్పలెందుకంటారేమో. హార్డ్ డిస్క్ తీసి వేరే దానికి తగిలించుకుంటే ఫొటోలు వచ్చేస్తాయి, నిజమే, కానీ ప్యారలల్ పోర్టుతో పనిచేసే నా పాత స్కానర్ దీనికి తప్ప దేనికీ కలవదు. మొదట్లో ఉదయం పూట బటన్ రెండు మూడు సార్లు నొక్కితే గానీ లేచేది కాదు, ఒకసారి లేచిందంటే మాత్రం రోజంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నెల తిరిగేసరికి పది సార్లు నొక్కాల్సి వచ్చింది. చివరికి బటన్ నొక్కగానే ప్రాసెసర్ మీది ఫ్యాన్ పావు చుట్టు కదిలి ఆగిపోవడం, అంతే. డిస్‌ప్లే లేదు, బీప్ లేదు. మదర్‌బోర్డు మీద చిన్న పచ్చ లైట్ మాత్రం వెలుగుతూనే ఉంది.

అందరూ చేసే పనులన్నీ చేశాను. ర్యామ్ తీసి కాంటాక్టులు రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను. కేబినెట్ బటన్ పాడైందేమోనని దాని వైరు పీకేసి బోర్డు మీది ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి చూశాను, అదే పావు చుట్టు. బోర్డు మీది కెపాసిటర్లు (చార్జ్ నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి, పాడైతే తరచూ ఉబ్బుతాయి) ఒక్కొక్కటీ టార్చ్ వేసి చూశాను, ఏదీ ఉబ్బలేదు, ఏ దాని నెత్తినా గోధుమరంగు జిగురు లేదు. ఇక మిగిలింది ఎస్‌ఎంపీఎస్ అని టెస్టర్ తెప్పించాను.

వాడటం చాలా తేలిక. 24 పిన్నుల కనెక్టర్ గుచ్చితే చాలు, పచ్చ వైరుని గ్రౌండ్‌కి కలిపి ఎస్‌ఎంపీఎస్‌ని అదే ఆన్ చేస్తుంది, పేపర్ క్లిప్ వంచి గుచ్చే పని తప్పుతుంది. పాత 20 పిన్నుల ప్లగ్ కూడా పడుతుంది. 12, 5, 3.3, మైనస్ 12 వోల్టులు, స్టాండ్‌బై 5 వోల్టులు వేర్వేరు గడుల్లో ఒకేసారి కనిపిస్తాయి, దశాంశం తర్వాత ఒక్క అంకె. డిస్కులకు వెళ్లే సాటా, మోలెక్స్ ప్లగ్గులు, ప్రాసెసర్ దగ్గరికి వెళ్లే 4, 8 పిన్నుల ప్లగ్గులు, గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గు, అన్నిటికీ విడిగా సాకెట్లున్నాయి. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల ప్లగ్గునీ ప్రాసెసర్ 8 పిన్నుల ప్లగ్గునీ కలగలపకండి, చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి. పట్టకపోతే బలవంతంగా నొక్కొద్దు.

పీజీ అని ఇంకో గడి ఉంది, దీనిలో నాకు బాగా నచ్చింది అదే. బూడిద రంగు వైరు మీద వచ్చే పవర్ గుడ్ సిగ్నల్ ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో చూపిస్తుంది. వోల్టేజీలు కుదురుకున్నాయని ఆ సిగ్నల్ చెప్పేదాకా బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు. 100 నుంచి 500 మిల్లీసెకన్ల మధ్య రావాలి. మామూలు మల్టీమీటర్‌తో ఇది చూడలేం.

సరే, నా ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూస్తే 12.1, 5.0, 3.3, మైనస్ 11.8, స్టాండ్‌బై 5.0, పీజీ 280. అన్నీ లెక్క ప్రకారమే ఉన్నాయి. ప్లస్ వోల్టేజీలు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 12 వోల్టులకు 11.4 నుంచి 12.6 దాకా, 5 వోల్టులకు 4.75 నుంచి 5.25 దాకా. అంత శుభ్రంగా అంకెలు కనిపిస్తే ఎవరైనా ఎస్‌ఎంపీఎస్ బాగుందనే అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని బోర్డుని కేబినెట్ నుంచి బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, ఒకే ఒక్క ర్యామ్, చిన్న స్పీకర్ తప్ప అన్నీ పీకేసి, రెండు రోజులు స్లాట్లు మార్చి మార్చి చూశాను. ఆ ఒక్క ర్యామ్ కూడా తీసేస్తే బోర్డు బీప్‌లతో అరవాలి, అదీ లేదు. బోర్డు పోయిందనే నిర్ణయానికి దాదాపు వచ్చేశాను.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఉదయం పూట నాటకం. చల్లగా ఉన్నప్పుడు లేవకపోవడం, కాసేపు కరెంటు పారాక లేవడం, ఇది ముదిరిన కెపాసిటర్ల లక్షణం. వేడెక్కితే కాస్త కోలుకుంటాయి. బోర్డు మీదివి బాగానే ఉన్నాయి కాబట్టి ఎస్‌ఎంపీఎస్ లోపలివే అయ్యుండాలి.

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్ మోలెక్స్ ప్లగ్గులో నల్ల వైరు (గ్రౌండ్) ఉన్న రంధ్రంలో దూర్చి, ఎర్ర ప్రోబ్ 24 పిన్నుల కనెక్టర్ వెనక వైపు నుంచి ఊదా రంగు వైరు పక్కనే లోపలికి గుచ్చాను. కనెక్టర్ బోర్డుకే తగిలించి ఉంది, అదే ముఖ్యం. 4.4 వోల్టులు. బటన్ నొక్కగానే 3.6కి పడి మళ్లీ పైకి లేచింది. అదే కనెక్టర్ పీకి టెస్టర్‌కి పెడితే 5.0! ఊదా వైరు అంటే స్టాండ్‌బై, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా గోడ ప్లగ్గు ఆన్‌లో ఉన్నంతసేపూ నడిచే సప్లై. బటన్ నొక్కినట్టు గుర్తించి పచ్చ వైరుని గ్రౌండ్‌కి కలిపే సర్క్యూట్ దాని మీదే బతుకుతుంది. అది నీరసపడితే మిగతా వోల్టేజీలు ఎంత బాగున్నా లాభం లేదు. పచ్చ లైట్ వెలగడానికి కొన్ని మిల్లీ ఆంపియర్లు చాలు, అందుకే అది చివరిదాకా వెలుగుతూ నన్ను నమ్మించింది.

టెస్టర్ తప్పు చెప్పలేదు. దాని లోపల ఉన్న లోడ్ చాలా తక్కువ, ఆ కాస్త లోడ్‌కి 5.0 నిజంగానే వచ్చింది. బోర్డు లాగేంత కరెంటు అది లాగదు. రిపుల్, అంటే వోల్టేజీలో వచ్చే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు, కూడా చూపించదు. కానీ డబ్బా మీద గానీ, లోపల పెట్టిన కాగితంలో గానీ ఈ ముక్క ఒక్క లైను కూడా లేదు. నా అసలు ఫిర్యాదు అదే. అన్ని గడులూ సరిగ్గా కనిపించినప్పుడు మనిషి వెతకడం ఆపేస్తాడు.

వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించగానే ఒకే ఒక్క బీప్, డిస్‌ప్లే వచ్చేసింది. తేదీ మాత్రం ఏళ్ల వెనక్కి వెళ్లింది, బయాస్ సెట్టింగులు పోయాయి. తేదీనీ ఆ సెట్టింగులనూ నిలిపి ఉంచే, 3 వోల్టులు ఉండాల్సిన సీఆర్2032 బటన్ సెల్ 2.3కి దిగిపోయింది, అదీ మల్టీమీటరే చెప్పింది.

టెస్టర్‌ని పక్కన పడేయలేదు. ఆ తర్వాత తెలిసినవాళ్ల మెషిన్లు రెండు వచ్చాయి. ఒకదానికి 12 వోల్టుల గడిలో అంకెకు బదులు ఎల్‌ఎల్ (వోల్టేజీ బాగా తక్కువ) అని వచ్చి బజర్ మోగింది, ఇంకోదానికి పీజీ 40 దగ్గర మెరుస్తూ ఉండిపోయింది. రెండూ అర నిమిషంలో తేలిపోయాయి, రెండిటికీ ఎస్‌ఎంపీఎస్ మారిస్తే సరిపోయింది. కాస్త లోడ్‌కే తప్పిన వోల్టేజీ ఎక్కువ లోడ్ పెడితే సాధారణంగా బాగుపడదు కదా, కాబట్టి ఇది బాగాలేదంటే చాలావరకు నమ్మేయొచ్చు. తరచూ మెషిన్లు విప్పేవాళ్లకు అంత వేగం చాలా ఉపయోగం. ఇంట్లో ఒక్క కంప్యూటరే ఉండి అదే లేవకపోతే మాత్రం ముందు మల్టీమీటర్ కొనండి. 5కి 3 ఇస్తున్నాను. ఇంకో మాట, ఏ ఫలితం వచ్చినా ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన చార్జ్ ఉండిపోవచ్చు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇదీ. టెస్టర్‌లో అన్నీ బాగున్నాయని వచ్చాక, 24 పిన్నుల ప్లగ్గుని దేనికీ కలపకుండా వదిలేసి, 5 ఓమ్‌లు 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఒకదాన్ని ఊదా వైరుకీ నల్ల వైరుకీ మధ్య పెడతాను. పచ్చ వైరుని ముట్టుకోనంతవరకూ స్టాండ్‌బై ఒక్కటే నడుస్తుంది. 5 వోల్టులకు 1 ఆంపియర్ లాగుతుంది, 5 వాట్ల వేడి వస్తుంది, కొద్ది సెకన్లలోనే చేతికి చురుక్కుమంటుంది కాబట్టి వైర్ల మీద పెట్టకండి. నా ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద స్టాండ్‌బైకి 2 ఆంపియర్లు అని రాసి ఉంది, సగం లోడ్‌కి అది కదలకూడదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే నా పాతది ఆ రెసిస్టర్‌తో 4.1 చూపించి ఇంకా జారుతూనే ఉంది. కొత్తది అదే రెసిస్టర్‌తో 4.98, పది నిమిషాల తర్వాత చూసినా 4.98.