పొగతోటలో ఆరు సిట్టింగ్‌లు: ఒక రొయ్యల గుంటవాడి హిప్నోథెరపీ రివ్యూ

ముందే చెప్తున్నా, క్లినిక్ పేరు రాయడం లేదు. రాస్తానంటే అక్కడ హిప్నోథెరపీ చేసే మేడమే వద్దన్నారు, "పేరు రాస్తే మ్యాజిక్ చేయించుకోవడానికి వస్తారండీ జనం" అని. నెల్లూరు పొగతోటలో, ఆ ఆసుపత్రుల సందుల్లో, ఒక మందుల షాపు పైన రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆలోచించుకోండి.

నాది విడవలూరు పక్క. రెండు రొయ్యల గుంటలు, కలిపి మూడెకరాలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు రాత్రి కరెంటు పోయింది. కరెంటు పోవడం మాకు కొత్త కాదు, దానికే గదా జనరేటర్ పెట్టుకునేది, కానీ ఆ రాత్రి అది స్టార్ట్ కాలేదు. బ్యాటరీ డౌన్. నెల రోజుల నుంచి సరిగా అందుకోవడం లేదని కాపలా కుర్రాడు చెప్తూనే ఉన్నాడు, పట్టుబడికి, అంటే రొయ్య పట్టి అమ్మడానికి, పది రోజులే ఉంది గదా, అయ్యాక మారుద్దాంలే అనుకున్నా. ఏరేటర్లు (నీళ్ళకి గాలి అందించే మోటార్లు) ఆగిన గుంటలో ఏం జరుగుతుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: రాత్రి గడిచేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, తెల్లవారుజాముకి మరీ అడుగంటుతుంది, రొయ్య పైకి తేలి గట్టు పక్కకి చేరుతుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది. మూడింటికి టార్చి వేసి చూస్తే గట్టు పొడుగునా కళ్ళు మెరుస్తున్నాయి. తెల్లారేసరికి 14 లక్షలు నీళ్ళపాలు.

డబ్బు పోయింది, సరే, తుపానులో చాలామందికి పోయింది. కానీ ఆ బ్యాటరీ మాత్రం నా బుర్రలోంచి పోలేదు. ఏడాది పైన రోజూ రాత్రి రెండు, మూడు మధ్యలో టక్కున మెలకువ. ఇంట్లో కరెంటు పోయి ఫ్యాన్ చప్పుడు ఆగితే ఇక చెప్పక్కర్లేదు, గుండె దడదడా కొట్టుకునేది, చేతులు ఐసుముక్కల్లా అయ్యేవి, లుంగీ ఎగ్గట్టుకుని చీకట్లో గుంట మీదకి పరుగెత్తేవాడిని. గుంటలు అప్పటికే లీజుకి ఇచ్చేశాం. మా ఆవిడ గేటు దాకా వెనకే వచ్చి "అవి ఇప్పుడు మనవి కాదయ్యా, వచ్చి పడుకో" అనేది. ఆ మాట ఎన్ని రాత్రులు అనుంటుందో.

ఈసీజీ తీయించాను, గుండె బాగానే ఉందన్నారు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే చిన్న మాత్ర రాశారు, నిద్ర కొంచెం కుదురుకుంది, ఫ్యాన్ ఆగితే అదిరిపడటం మాత్రం అలాగే ఉంది. ఈలోపు మా వాళ్ళెవరో చెబితే వేరే ఊళ్ళో ఒకాయన దగ్గరికి వెళ్ళాను. బోర్డు మీద హిప్నోథెరపీ, కింద గత జన్మల చికిత్స, దాని కింద వాస్తు. మూడు సిట్టింగ్‌ల ప్యాకేజీ 18,000, ముందే కట్టాలి. నన్ను పడుకోబెట్టి పావుగంట ఏదో చదివి, పోయిన జన్మలో నువ్వు నీళ్ళలో మునిగి చచ్చిపోయావు, ఆ భయమే ఇది అన్నాడు. చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు నిజంగానే నీళ్ళు కనపడ్డాయి. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకే ముక్క అడిగింది, "పోయిన జన్మ ఎందుకయ్యా, పోయిన పంట తెలుసు గదా మనకి?" అంతే, మళ్ళీ వెళ్ళలేదు. డబ్బు వెనక్కి రాలేదు.

ఇది ఎందుకు రాశానంటే, ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏం చెబితే అది కనపడుతుంది. అక్కడ కనపడినదాన్ని నిజంగా జరిగిందనుకోవడానికి లేదు. జరగనివి కూడా జరిగినట్టు జ్ఞాపకాల్లో చేరిపోతాయని సైకాలజీలో ఎప్పుడో పరిశోధనలు చేసి చూపించారట, ఇది తర్వాత పొగతోట మేడం చెప్పారు. నీ చిన్నప్పుడు ఏదో జరిగింది, తవ్వి తీద్దాం అని ఎవరైనా అంటే జాగ్రత్త.

పొగతోటకి పంపింది మా సైకియాట్రిస్టే. మేడం క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్., ఇలాంటి సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకున్నారు. హిప్నోథెరపిస్టు అని బోర్డు పెట్టుకోవడానికి నాలుగు రోజుల కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు కాబట్టి ముందు ఆ కాగితం చూడండి. ఫీజు సిట్టింగ్‌కి 1,200, ఎప్పటికప్పుడు కట్టడమే, ప్యాకేజీల గోల లేదు. పదకొండుకి టైమ్ ఇస్తే పన్నెండుకి ముందు లోపలికి పిలిచింది లేదు. బయట నాలుగు కుర్చీలు, అందులో ఒకటి విరిగింది. బిల్లు అడిగితేనే ఇస్తారు.

మొదటి రోజు మంత్రం లేదు, తంత్రం లేదు. గంటన్నర మాటలే. ఫ్యాన్ ఆగగానే ఒంట్లో ముందు ఎక్కడ మొదలవుతుంది, పొట్టలోనా, ఛాతీలోనా, ఆ వెంటనే మనసులో వచ్చే మొదటి మాట ఏంది, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో నా చేతే రాయించారు. మొదటి మాట "బ్యాటరీ". తర్వాత కళ్ళు మూసుకుని రెండు చేతులు ముందుకు చాచమన్నారు. ఒక చేతిలో నీళ్ళ బకెట్ ఉందనుకోండి, ఇంకో చేతికి గాలిబుడగలు కట్టి ఉన్నాయనుకోండి అంటూ మెల్లగా చెప్పుకుంటూ పోయి, కళ్ళు తెరవమన్నారు. చూస్తే బకెట్ చెయ్యి జానెడు కిందకి దిగి ఉంది! ఇలాంటి సూచనలకు కొంతమంది బాగా లొంగుతారట, కొంతమంది అసలు లొంగరట, ఎక్కువమంది ఆ మధ్యలో ఉంటారట. మా బావమరిదికి ఇంటికొచ్చి అదే చేస్తే వాడి చేతులు రెండూ గడకర్రల్లా అలాగే ఉన్నాయి, పైగా నవ్వాడు.

హిప్నాటిజం అంటే మాకు తెలిసింది స్టేజీ మీద చేసేదే. బి.వి. పట్టాభిరామ్ గారి పేరు విని పెరిగిన తరం మాది. కళ్ళు మూస్తే ఇంకేం వాగుతానో, అప్పుల లెక్కలన్నీ బయటపెట్టేస్తానేమో అని నాకు లోపల బో భయం. అదే అడిగాను. అసలు పేరులోనే తప్పుందన్నారు ఆవిడ. 1840ల్లో జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ డాక్టరు గ్రీకుల నిద్రదేవుడు హిప్నోస్ పేరు తీసి దీనికి పెట్టాడు, తర్వాత ఇది నిద్ర కాదు, మనసు ఒకేదాని మీద నిలవడమని తెలుసుకుని పేరు మార్చాలని చూశాడు, అప్పటికే జనం నోళ్ళలో పాతది నాటుకుపోయింది. నిజమే, సిట్టింగ్‌లలో నాకు కింద ఆటో హారన్లు, మందుల షాపులో చిల్లర గొడవలు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. లేచి వెళ్ళిపోదామంటే పోవచ్చు. ఇంకో ముచ్చట, మత్తుమందులు రాకముందు, 1845 ప్రాంతంలో, మన దేశంలోనే, బెంగాల్లో హుగ్లీ దగ్గర జేమ్స్ ఎస్డేల్ అనే డాక్టరు ఇలాంటి పద్ధతితోనే ఆపరేషన్లు చేసి పెద్ద పెద్ద కణితులు తీశాడంట. ఈథర్, క్లోరోఫాం వచ్చాక అది మూలపడింది. మళ్ళీ 1955లో బ్రిటన్ డాక్టర్ల సంఘం, 1958లో అమెరికా డాక్టర్ల సంఘం దీన్ని వైద్యంలో వాడుకోవచ్చని ఒప్పుకున్నాయి. ఇదంతా విన్నాక కొంచెం కుదుటపడ్డాను.

రెండో సిట్టింగ్‌లో తమాషా జరిగింది. మనసు నెమ్మదించాలని ఆవిడ సముద్రపు అలల చప్పుడు పెట్టారు. ఊరందరికీ అది హాయి, నాకు మాత్రం నీళ్ళ చప్పుడు వినగానే చెమటలు పట్టాయి! అర నిమిషంలో గమనించి ఆపేశారు. చిన్నప్పుడు ఏ చప్పుడు వింటూ నిద్రపోయేవారు అని అడిగారు. ఆలోచిస్తే మా అవ్వ మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని బియ్యం చెరిగే చప్పుడు గుర్తొచ్చింది, చేట ఎగరేస్తే ఒక చప్పుడు, దించితే ఒక చప్పుడు. ఇక ఆ రోజు నుంచి అన్ని సిట్టింగ్‌లూ చేటతోనే. ఊపిరి పీలిస్తే చేట పైకి, వదిలితే కిందకి. ఈ క్లినిక్‌కి నేను మార్కులు వేసేది ఇక్కడే. రెడీమేడ్ క్యాసెట్ అందరికీ పెట్టి పంపేసే రకం అయితే నేను రెండో రోజే మానేసి ఉండేవాడిని.

నాలుగోది అసలైనది. కళ్ళు మూసుకున్నాక, చేట చప్పుడు కుదిరాక, ఆ రాత్రికి వెళదాం, కానీ మీ గుంట మీదకి వద్దు, పక్క గుంట గట్టు మీద నిలబడి దూరం నుంచి చూడండి అన్నారు. చూశాను. వాన. జనరేటర్ దగ్గర ఒక మనిషి తడిసి ముద్దై వైర్లు పీకుతూ, తన్నుతూ, తిట్టుకుంటూ. ఆ మనిషికి ఏమన్నా చెప్పాలని ఉందా అని అడిగారు. ఏరా బ్యాటరీ ఎందుకు మార్చలేదు అని అడుగుతాననుకున్నా, ఏడాదిగా రోజూ నన్ను నేను అడిగేది అదే గదా. నోట్లోంచి వచ్చింది మాత్రం "నెత్తి మీద గోతం కప్పుకోరా, జ్వరమొస్తుంది" అని. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. మా ఆవిడ గదిలోనే కూర్చుని ఉంది (ఇంట్లోవాళ్ళను కూర్చోనిస్తారు, ఆడవాళ్ళు వెళితే తప్పకుండా అడగండి), ఆవిడ అటు తిరిగి కూర్చుంది. మేడం ఏమీ మాట్లాడలేదు, మంచినీళ్ళు ఇచ్చారు.

ఐదు, ఆరు సిట్టింగ్‌లు కసరత్తు లాంటివి. నేను ఆ స్థితిలో ఉండగా ఆవిడ నిజంగానే గదిలో ఫ్యాన్ స్విచ్ ఆపేవారు. గుండె అదిరేది. బొటనవేలు, చూపుడువేలు నొక్కి పట్టి చేట చప్పుడు తెచ్చుకోమనేవారు. దడ తగ్గాక ఫ్యాన్ వేసేవారు, మళ్ళీ ఆపేవారు. ఒక్క సిట్టింగ్‌లో పది పన్నెండు సార్లు. జ్ఞాపకాన్ని చెరిపేయడం ఎవరి వల్లా కాదు, చప్పుడు ఆగడానికీ మీ దడకీ మధ్య ముడి పడింది, అక్కడ ఇంకో దారి వేస్తున్నాం, ఆ దారిలో రోజూ నడవకపోతే మళ్ళీ గడ్డి మొలుస్తుంది అన్నారు. ఫోన్‌లో పావుగంట ఆడియో రికార్డు చేసి ఇచ్చారు, రోజూ రాత్రి పడుకునే ముందు వినాలి.

ఫలితం ఎన్నాళ్ళు నిలిచింది? సిట్టింగ్‌లు 2025 ఏప్రిల్‌లో అయిపోయాయి. రెండు నెలలు రోజూ విన్నాను, రాత్రి లేవడం వారానికి ఒకటి రెండు సార్లకు దిగింది. ఆ తర్వాత తగ్గిపోయింది గదా అని మానేశాను. నెలన్నర తిరక్కముందే మళ్ళీ మొదలు, మేడం చెప్పిన గడ్డి మొలిచింది. మళ్ళీ పట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చిన రాత్రి ఫ్యాన్ ఆగింది, మెలకువ వచ్చింది, గుండె రెండు మూడు సార్లు గట్టిగా కొట్టుకుంది, వేళ్ళు నొక్కి పట్టుకుని కూర్చున్నాను, కాసేపటికి తగ్గింది. అప్పటికి ఒక గుంట వెనక్కి తీసుకుని రొయ్య పిల్ల వేసి ఉన్నాను, కాబట్టి వెళ్ళాల్సిందే, ఈసారి గొడుగు తీసుకుని నడిచి వెళ్ళాను. జనరేటర్ ఒక్క గుద్దుకి స్టార్ట్ అయింది. కొత్త బ్యాటరీ మరి.

తగ్గనివీ ఉన్నాయి. రాత్రి పదింటి తర్వాత ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు మా ఆవిడ మొహం చూస్తాను. అప్పు తగ్గలేదు, దానికి హిప్నాసిస్ లేదు. మాత్ర కూడా సైకియాట్రిస్టు చెప్పాకే సగం చేసి, ఆ తర్వాత ఆపాను, సొంతంగా ఆపొద్దని మేడం మొదటి రోజే గట్టిగా చెప్పారు. చెవుల్లో మాటలు వినపడుతున్నాయి, ఎవరో వెంటపడుతున్నారు అనే బాధ ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు, ముందు సైకియాట్రిస్టుని కలవాలి. ఖర్చు పెట్టలేనివాళ్ళు 14416కి ఫోన్ చేయండి, మనసు బాధలకి ప్రభుత్వం వాళ్ళు పెట్టిన ఫోన్ లైన్ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

చాలామంది అడుగుతున్నారు, బీడీ మానిపిస్తుందా అని. దానికి గట్టి రుజువు లేదని ఆవిడే చెప్పి మా చిన్నాన్నని వెనక్కి పంపేశారు, వచ్చే ఫీజు వదులుకుని. టెన్షన్ వల్ల ఎప్పుడూ కడుపు ఉబ్బరం, నొప్పి, బాత్రూమ్ చుట్టూ తిరగడం, ఐబీఎస్ అంటారు చూడండి, దానికి మాత్రం బాగా పనిచేస్తుందట. 1984లోనే మాంచెస్టర్‌లో డాక్టర్లు పరీక్షించి చూశారట, ఏడాది మందులు వాడినా తగ్గనివాళ్ళకు దీన్ని ఆలోచించమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉందట. మా వదిన అందుకే వెళుతోంది, నాలుగు సిట్టింగ్‌లు అయ్యాయి, తేడా ఉందంటోంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది లిఫ్ట్‌కి, విరిగిన కుర్చీకి, గంట గంట కూర్చోబెట్టినందుకు. ఇంకొక్క మాట, వెళ్ళేవాళ్ళు భోజనం చేసి వెళ్ళకండి. మూడో సిట్టింగ్ రోజు నేను పన్నెండింటికి పిలుస్తారులే అని చేపల పులుసుతో పట్టుగా తిని వెళ్ళాను, కళ్ళు మూయమన్నారు, మూశాను, మళ్ళీ తెరిచేసరికి ముప్పావు గంట అయింది, గుర్రు కింద మందుల షాపు దాకా వినపడిందంట. ఆ రోజు ఫీజు కూడా తీసుకున్నారు.