పెళ్లికి రంగు లెన్సులు: భీమవరంలో మేం కొన్న షాపు గురించి

కంట్లో పెట్టుకునే ఈ లెన్సులు బాగున్నాయి, కానీ నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నది లెన్సులకి కాదు, వాటిని అమ్మే ముందు ఆ షాపువాళ్లు మా మీద పెట్టిన ఓపికకి. భీమవరంలో జె.పి. రోడ్డు వైపున్న పాత కళ్లద్దాల షాపు అది. పేరు రాస్తే ప్రమోషన్ అంటారు కాబట్టి రాయను, ఇలాగే కళ్లు పరీక్షించి అమ్మే షాపు తణుకులో ఉన్నా అమలాపురంలో ఉన్నా హాయిగా వెళ్లండి.

మా చెల్లి పెళ్లి పాలకొల్లులో. రిసెప్షన్ ఫొటోల్లో కళ్లు తేనె రంగులో కనిపించాలని దాని కోరిక. మేకప్‌కి మాట్లాడుకున్న బ్యూటీషియన్ లెన్సులు కూడా ప్యాకేజీలోనే ఇస్తానంది. ఏవీ చూపించమంటే ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది, మూతల మీద కుడి, ఎడమ గుర్తులు కూడా చెరిగిపోయాయి. "మొన్న ఒకమ్మాయికి పెట్టాం అక్కా, శుభ్రంగా కడిగే ఉంచాం" అంది, అదేదో భరోసా అయినట్టు. ఒకరు పెట్టుకున్న లెన్సు ఇంకొకరు పెట్టుకోకూడదు, ఎంత కడిగినా సరే, ఒకరి కంట్లో క్రిములు రెండోవాళ్ల కంట్లోకి చేరడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఇక ఫ్యాన్సీ షాపులో గాజుల పక్కన వేలాడదీసిన ప్యాకెట్లయితే ఎక్స్‌పైరీ డేట్ లేదు, సైజు లేదు, తయారీ కంపెనీ పేరు కూడా లేదు. అమెరికాలో పవర్ లేని ఫ్యాషన్ లెన్సు కూడా ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని 2005లోనే చట్టం చేశారు, మన దగ్గరేమో బొట్టుబిళ్లలతో పాటు బేరమాడి కొనేస్తున్నాం.

భీమవరం షాపులో పెద్దాయన మమ్మల్ని చూడగానే రంగుల కేటలాగ్ తీయలేదు. "ఆయ్, రంగులు తర్వాత చూద్దురు గానండి, ముందు పాపకి కళ్లు చూడనివ్వండి" అన్నారు. లోపల ఆప్టోమెట్రీ, అంటే కళ్ల పరీక్షల చదువు, చదివిన అమ్మాయి ఉంది. గడ్డం ఆనించి కూర్చోబెట్టే మెషీన్ దగ్గర చెల్లి కళ్లు చూసింది, పవర్ చూసింది, అలర్జీ ఉందా, కళ్లు పొడిబారతాయా, కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చుంటావు అని అడిగింది. పవర్ లేకపోతే ఇదంతా ఎందుకని మా అమ్మ సందేహం. లెన్సుకి వంపు ఉంటుంది, వ్యాసం ఉంటుంది, పెట్టె మీద 8.6, 14.2 లాంటి అంకెలు అవే. మన కంటికి అవి సరిపడకపోతే లెన్సు బిగుసుకుపోతుంది, లేదా జారుతుంది. నల్లగుడ్డు మీదున్న పారదర్శకమైన పొరకి రక్తనాళాలు ఉండవు, అది ఆక్సిజన్‌ని ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది, దాని మీద బిగుతుగా మూత పెడితే ఏమవుతుందో అమ్మకి వేరే చెప్పక్కర్లేకపోయింది. ట్రయల్ లెన్సు పెట్టి రెప్ప ఆర్పమని, ఆర్పినప్పుడల్లా అది కాస్త కదులుతోందా లేదా అని ఆ అమ్మాయి చూసిన తీరు నాకు నచ్చింది.

రంగు సంగతికొస్తే, గ్రే, నీలం మన ముదురు కళ్ల మీద దూరం నుంచి బాగానే ఉంటాయి, దగ్గరికొస్తే అంటించినట్టు ఉంటాయి. హేజెల్, అంటే గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగు, నయం. వేలి కొన మీద పెట్టుకుని ట్యూబ్‌లైట్ కింద చూస్తే రంగంతా సన్నటి చుక్కలే, బయటి అంచున ముదురుగా, లోపలికొచ్చే కొద్దీ పలచగా, మధ్యలో ఖాళీ. రాత్రి చీకట్లో కంటిపాప ఆ ఖాళీని దాటి పెద్దదైతే చుట్టూ మసకగా అనిపిస్తుందట, కాబట్టి వీటితో రాత్రిపూట బండి నడపొద్దని ఆ అమ్మాయే చెప్పింది.

నెలవారీ లెన్సులు కాకుండా ఒక్కరోజు వాడి పారేసేవి ఇచ్చారు. పెళ్లి ఒక్కదానికే అయితే ఇవే మేలు, లెన్సులు కడిగి నానబెట్టే సొల్యూషన్, డబ్బా గొడవ లేదు. నెలవారీవి కొంటే మాత్రం రోజూ కొత్త సొల్యూషన్ పోయాలి, పాతదాని మీద పోయకూడదు, లెన్సుని వేలితో రుద్ది కడగాలి, డబ్బాని మూడు నెలలకోసారి మార్చాలి.

పెట్టుకోవడం నేర్పేటప్పుడు మొదట చెప్పింది గోళ్లు కత్తిరించమని. పెళ్లి కోసం పెంచుకున్న గోళ్లు! చెల్లి మొహం చూడాలి అప్పుడు. చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోవాలి. వేలి కొన మీద లెన్సు గిన్నెలా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు, అంచులు బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. మేకప్‌కి ముందే పెట్టుకోవాలి, మేకప్ తుడిచే ముందే తీసేయాలి, కాటుక రెప్పల లోపలి అంచుకి పెట్టకూడదు.

మన పెళ్లిళ్లకి అసలు చిక్కు ముహూర్తంతో. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకైతే మేకప్ రాత్రే మొదలవుతుంది, హోమం పొగ, మొహం మీదికొచ్చే తలంబ్రాలు, ఆ తర్వాత అప్పగింతల ఏడుపు, చివరికి ఎక్కడపడితే అక్కడ పడి నిద్ర. లెన్సులతో నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు చాలా పెరుగుతుంది. అందుకే చెల్లి రిసెప్షన్‌లో రెండు మూడు గంటలే లెన్సులు పెట్టుకుంది, పీటల మీద మామూలు కళ్లతోనే కూర్చుంది. ఫొటోగ్రాఫర్ కాస్త గొణిగాడు, గొణగనీ.

కొనేవాళ్లకి ఒక్కటి గట్టిగా చెప్తాను. లెన్సుకి నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, కాలువ, చేపల చెరువు, అంతర్వేది సముద్రస్నానం, 2027 పుష్కరాల స్నానం, ఏదైనా సరే. అకంతమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలో ఉంటుంది, లెన్సు కింద చేరితే నెలల తరబడి వైద్యం, చూపు కూడా పోవచ్చు. చల్లగా ఉంటుందని రోజ్ వాటర్ చుక్కలు వేసేవాళ్లున్నారు, అదీ వద్దు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసేసి, దాన్ని పారేయకుండా వెంట పెట్టుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, షేడ్లు తక్కువ, మాకు కావలసింది తెప్పించడానికి టైం పట్టింది, బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు, సాయంత్రమైతే కూర్చోడానికి చోటుండదు. ధర కూడా ఆన్‌లైన్ కన్నా కొంచెం ఎక్కువే, టెస్ట్‌కి విడిగా ఏమీ తీసుకోలేదు గనుక నేను బేరమాడలేదు. పొద్దున్నే వెళ్లండి, ఆ అమ్మాయి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, ఆవిడ లేని రోజు లెన్సులు అమ్మరు.