కారు నడుస్తుండగా పవర్ స్టేషన్ చార్జింగ్: సాకెట్టా, ఇన్వర్టరా, డీసీ చార్జరా – ఏది మేలు?

పోర్టబుల్ పవర్ స్టేషన్ (పెద్ద బ్యాటరీ, ప్లగ్గులు ఉండి వెంట తీసుకెళ్లగలిగే పెట్టె) కొన్నవాళ్లు ఊరు దాటగానే అడిగే మొదటి మాట, అయిపోతే దీన్ని మళ్లీ ఎక్కడ నింపాలి అని. కారు ఎలాగూ నడుస్తోంది, బానెట్ కింద డైనమో (ఆల్టర్నేటర్) ఎలాగూ తిరుగుతోంది, ఆ కరెంటుతోనే నింపేద్దామనిపించడం సహజమే. అందుకు దారులు మూడు. డాష్‌బోర్డు దగ్గరి సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చడం మొదటిది. కారు బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి, 230 వోల్టులు చేసి, ఇంట్లో వాడే వైరుతోనే చార్జింగ్ పెట్టడం రెండోది. బ్యాటరీ నుంచి లావు వైర్లు లాగి వెనక డీసీ-డీసీ చార్జర్ బిగించడం మూడోది. పవర్ స్టేషన్ కంపెనీలు 'ఆల్టర్నేటర్ చార్జర్' అని అమ్ముతున్నది ఈ మూడోదాన్నే. ఎకోఫ్లో కంపెనీది ఒకటి 800 వాట్లు, బ్లూయెటీ కంపెనీది ఒకటి 560 వాట్లు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సెలవులకు కుటుంబంతో తిరిగేవాళ్లలో చాలామందికి సాకెట్టే సరిపోతుంది. పనిమీద రోజుల తరబడి రోడ్డు మీద ఉండేవాళ్లకు డీసీ చార్జర్‌ను మించింది లేదు. ఇన్వర్టర్ కోసం మాత్రం కొత్తగా డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఎందుకో లెక్కలతోనే చూద్దాం.

మామూలుగా జనం కొనే మధ్యరకం స్టేషన్‌లో దాదాపు 1000 వాట్-అవర్లు నిలవ ఉంటాయి. అంటే మన కరెంటు బిల్లులో కనిపించే 1 యూనిట్. దాన్ని పూర్తిగా ఖాళీ చేసి, హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరారనుకోండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు, ఊళ్లోని ట్రాఫిక్‌తో కలిపి ఐదు గంటలు. సాకెట్ దారిలో స్టేషన్‌లోకి నికరంగా చేరేది 90 వాట్లు. సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగేసరికి 20 శాతం కాస్త దాటుతుంది, విజయవాడ చేరేసరికి 45 శాతం. 300 వాట్ల ఇన్వర్టర్ అయితే గంటకు 270 చొప్పున ఎక్కి నందిగామ ప్రాంతానికి నిండుతుంది. 800 వాట్ల డీసీ చార్జర్, మీ డైనమో ఇవ్వగలిగితే, నార్కట్‌పల్లి దాటేలోపే పని ముగిస్తుంది.

ఇంతవరకు చదివి మూడోదే మేలని తేల్చేయకండి. విజయవాడ చేరాక రాత్రికి మీరు వాడేది ఎంత? 50 వాట్ల టేబుల్ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 0.4 యూనిట్. ఒక ఎల్‌ఈడీ బల్బు, నాలుగు ఫోన్లు కలిపినా ఇంకో 0.1. అంటే రాత్రంతా కలిపి అర యూనిట్. ఐదు గంటల ప్రయాణంలో సాకెట్ ఇచ్చేది కూడా ఇంచుమించు అంతే. ఇంట్లో నిండుగా చార్జ్ చేసుకుని బయల్దేరితే, రోజూ నాలుగైదు గంటలు బండి నడిచే కొద్దిరోజుల యాత్రలో ఆ స్టేషన్ అడుగంటడమంటూ ఉండదు. కొత్తగా కొనాల్సిందేమీ లేదు, కారులో ఒక్క వైరు ముట్టుకోనక్కర్లేదు, వారంటీతో తగాదా రాదు.

సాకెట్ ఎందుకింత నెమ్మది? చాలా కార్లలో దాని మూత మీదే 12 వోల్టులు, 120 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే 10 ఆంపియర్లు. వెనక ఉన్న ఫ్యూజు 10, 15, కొన్నింటిలో 20 ఆంపియర్లు. ఏ కారులో ఎంత ఫ్యూజు ఉందో పవర్ స్టేషన్‌కు తెలియదు కాబట్టి, తయారీదారులే దాన్ని 8 లేదా 10 ఆంపియర్ల దగ్గర కట్టడి చేస్తారు. అందుకే సాకెట్‌కు లావు వైరు మార్పించుకుంటే ఎక్కువ లాగుతుందన్న సలహా పనిచేయదు. పెద్ద ఫ్యూజు వేయించడం అంతకంటే తప్పు. కాలాల్సిన ఫ్యూజు కాలకుండా డాష్‌బోర్డు లోపలి వైరు కాలుతుంది. 24 వోల్టుల లారీలో, బస్సులో మాత్రం అవే 8 ఆంపియర్లకు 200 వాట్ల దాకా వస్తాయి. లారీ క్యాబిన్‌లో స్టేషన్ పెట్టుకునేవాళ్లకు సాకెట్ నిజంగానే మంచి దారి.

సాకెట్‌లో చూసుకోవాల్సింది వేడి. ప్లగ్గు ముక్కు దగ్గర చిన్న స్ప్రింగు మీద కూర్చున్న ఇత్తడి మొన ఉంటుంది, పక్కల రెండు రేకులు. మొత్తం కరెంటు ఆ మొన మీదుగానే వెళ్లాలి. గతుకుల రోడ్డు మీద ప్లగ్గు కొంచెం వదులైతే ఆ మొన దగ్గర వేడి పుడుతుంది, స్ప్రింగు ఆ వేడికి మెత్తబడి ఇంకా వదులవుతుంది. అరగంట నడిచాక ప్లగ్గు తీసి మొన మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. వేలు ఆన్చలేనంత కాలుతున్నా, చుట్టూ నల్లటి మసి కనిపించినా ఆ సాకెట్‌ను నమ్మొద్దు. కొన్ని స్టేషన్ల యాప్‌లో 4, 6, 8 ఆంపియర్లలో ఒకటి ఎంచుకునే వీలుంటుంది. పాత కారైతే 6 దగ్గర పెట్టుకోవడం నయం. ఇంకొకటి. తాళం తీసినా కరెంటు వస్తూనే ఉండే సాకెట్లు కొన్ని కార్లలో ఉంటాయి. అలాంటి కారులో రాత్రి ప్లగ్గు వదిలేస్తే, 35 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోయి ఉంటుంది.

ఇక ఇన్వర్టర్. దీని ఆకర్షణంతా సులువులో ఉంది: ఏ కంపెనీ స్టేషన్ అయినా 230 వోల్టులు తీసుకుంటుంది, కొత్త చార్జర్ కొనక్కర్లేదు. కానీ 12 వోల్టుల డీసీని 230 ఏసీ చేయడంలో పదో వంతు పోతుంది, ఆ ఏసీని స్టేషన్ తిరిగి డీసీ చేసుకోవడంలో ఇంకో పదో వంతు పోతుంది. ఐదులో ఒకటి వేడిగా డిక్కీలోనే ఉండిపోతుంది. చాలా స్టేషన్లు గోడ ప్లగ్గులో పెట్టగానే వెయ్యి వాట్లకు పైగా లాగబోతాయి. యాప్‌లో ముందుగా 200, 300 వాట్లకు తగ్గించకపోతే ఇన్వర్టర్ వెంటనే ట్రిప్ అవుతుంది. తగ్గించే వీలే లేని స్టేషన్ అయితే ఈ దారి మర్చిపోవడమే. ఇన్వర్టర్ కూడా ప్యూర్ సైన్ వేవ్ రకమే, అంటే ఇంటి కరెంటులాగే సాఫీగా ఇచ్చేదే కావాలి. సాకెట్‌లో గుచ్చుకునే చిన్న ఇన్వర్టర్‌కు మళ్లీ అదే 120 వాట్ల హద్దు ఉంటుంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నాకు దీనిమీద ఉన్న అసలు అభ్యంతరం వేరే. భోజనానికి ఆగి ఇంజన్ ఆపారు, ఇన్వర్టర్ ఆపలేదు. 300 వాట్లకు బ్యాటరీ నుంచి 25 ఆంపియర్లకు పైగా పోతూనే ఉంటాయి. బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఇన్వర్టర్ తనే ఆగిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు, అది నిజమే. కానీ చాలావాటిలో ఆగేది 10.5 వోల్టుల దగ్గర. ఆ స్థితికొచ్చిన బ్యాటరీతో సెల్ఫ్ తిరగదు. కారును కాపాడాల్సిన కట్టుబాటు కారు ఆగిపోయాక అమలవుతోందన్నమాట. కారు ఇన్వర్టర్ ఇప్పటికే ఉండి, ఏడాదికొకసారి వాడుకునేవాళ్లకైతే సరే. అప్పుడైనా డ్రైవర్ సీటు నుంచి అందేలా స్విచ్ పెట్టించుకోండి.

డీసీ-డీసీ చార్జర్ ఈ చిక్కులన్నింటినీ తీర్చడానికే వచ్చింది. కారు వోల్టేజి ఫలానా చోటికి దిగగానే ఆగిపోయేలా దాన్ని పెట్టుకోవచ్చు, మంచివాటిలో కారు తాళం ఆన్‌లో ఉన్నప్పుడే చార్జర్ నడిచేలా చేసే ఇగ్నిషన్ వైరు కూడా ఉంటుంది. 12 వోల్టులను పైకి లేపి స్టేషన్‌కు కావలసిన వోల్టేజిలో నేరుగా అందిస్తుంది కాబట్టి మధ్యలో పోయేది కొద్దిపాటే. అయితే దీన్ని కొనేముందు చూడాల్సింది చార్జర్ పెట్టె మీది వాట్లు కాదు, మీ బండి డైనమో మీది ఆంపియర్లు.

800 వాట్లంటే బ్యాటరీ వైపు నుంచి 60 ఆంపియర్లకు పైమాటే. చిన్న హ్యాచ్‌బ్యాక్ డైనమో రేటింగు 70, 80 ఆంపియర్లు ఉంటుంది. అందులో రాత్రి హెడ్‌లైట్లకు 10, ఏసీ బ్లోయరుకు 15, రేడియేటర్ ఫ్యానుకు 15, ఇంజన్ సొంత అవసరాలకు మరో 10 తీసేయండి. మిగిలేది 20, 30. పైగా ఆ రేటింగు ఇంజన్ వేగంగా తిరుగుతూ, డైనమో చల్లగా ఉన్నప్పటిది. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం, ఐడిల్ మీద, అందులో సగం కూడా రాకపోవచ్చు. డైనమోను చల్లబరిచే ఫ్యాను కూడా దాని ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి రావడం దానికి అన్నిటికంటే గడ్డు పరిస్థితి. రేటింగులో మూడో వంతు దాటించొద్దన్నది నేను పాటించే లెక్క. హ్యాచ్‌బ్యాక్‌కు 300 వాట్లు. 120, 150 ఆంపియర్ల డైనమో ఉన్న డీజిల్ ఎస్‌యూవీకి 500, 600 వాట్లు. చార్జర్ 800దే కొన్నా యాప్‌లో తగ్గించుకోవచ్చు.

ఈమధ్య వచ్చిన కార్లలో ఇంకో మెలిక ఉంది. మల్టీమీటర్ తీసి బ్యాటరీ మీద పెట్టండి. ఇంజన్ ఆపి ఉండగా 12.6 చూపిస్తుంది, స్టార్ట్ చేయగానే 14.2 దాటుతుంది. పాత కారైతే ఊరు చేరేదాకా అక్కడక్కడే ఉంటుంది. స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉన్న కారులో హైవే ఎక్కాక 12.5 దగ్గరికి దిగుతుంది, బ్రేకు వేసినప్పుడు 14.8 దాకా లేస్తుంది. డీజిల్ ఆదా కోసం కంపెనీ చేసిన ఏర్పాటది. 13 వోల్టుల కింద ఆగేలా పెట్టిన చార్జర్ ఇలాంటి కారులో గంటకు పదిసార్లు ఆగి మొదలవుతుంటే, తప్పు చార్జర్‌ది కాదు. ఆగే వోల్టేజిని తగ్గించి, ఇగ్నిషన్ వైరు తప్పక కలపాలి. లేదంటే కారు ఆగాక కూడా చార్జర్ లాగుతూనే ఉంటుంది.

డైనమో కరెంటు ఉచితమని మాత్రం అనుకోకండి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో మూడో వంతును తిప్పే శక్తిగా మారుస్తుంది, బెల్టు, డైనమో కలిసి దానిలో సగం కంటే కొంచెం ఎక్కువను కరెంటు చేస్తాయి, చార్జర్‌లో ఇంకాస్త పోతుంది. చివరికి స్టేషన్‌లో చేరేది లీటరుకు 1.6 యూనిట్లు. లీటరు వంద రూపాయల చేరువలో ఉంటే, నింపిన ప్రతి యూనిట్‌కు 60 రూపాయలకు పైనే. ఇంట్లో పెద్ద శ్లాబులోనూ యూనిట్ 10 రూపాయల చుట్టుపక్కలే. అందుకే హోటల్ గదిలో ప్లగ్గు దొరికిన ప్రతిచోటా అక్కడే నింపుకోవాలి. ఆగి ఉన్న బండిని స్టార్ట్‌లో ఉంచి స్టేషన్ నింపడం అన్నిటికంటే దండగ. షెడ్డులాంటి మూసిన చోట అయితే పొగతో ప్రాణాపాయం.

మరి డీసీ చార్జర్‌కు ఇంత ఖర్చు పెట్టడానికి ఎవరు సిద్ధపడాలి? పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఏజెన్సీ గ్రామాల్లో వైద్య శిబిరాలు నడిపేవాళ్లు, ఊరూరా తిరిగి సర్వే డ్రోన్లు ఎగరేసేవాళ్లు. పగలంతా వాడి, రెండు గంటల ప్రయాణంలో నింపుకుని, మళ్లీ సాయంత్రం పని మొదలుపెట్టాల్సినవాళ్లు. జనరేటర్‌ను వెంటేసుకుని తిరగడం తప్పుతుంది, శబ్దం ఉండదు. అమెరికాలో వ్యాన్ కొనుక్కుని నేషనల్ పార్కుల వెంట తిరిగే మనవాళ్లకూ ఇదే సరైనది; అక్కడ డైనమోలు పెద్దవి, ప్రయాణాలు పొడవు, వ్యాన్‌లో ఫ్రిజ్ పగలూ రాత్రీ నడుస్తుంది. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీప్యాప్ యంత్రం రాత్రి పెట్టుకునే పెద్దవాళ్లున్న ఇంట్లో కూడా నేను దీనివైపే మొగ్గుతాను.

కారు పైన సోలార్ పలక పెడితే సరిపోదా అంటే, 200 వాట్ల పలక పడుకోబెట్టినప్పుడు మంచి ఎండలో 120, 150 వాట్లు ఇస్తుంది. బండి నిలిచి ఉన్న రోజుల్లో పనికొస్తుంది, ప్రయాణంలో చార్జింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఎలక్ట్రిక్ కారులో డైనమోయే ఉండదు. కారు బ్యాటరీ నుంచే బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే వెహికిల్ టు లోడ్ సదుపాయం ఉన్న కారైతే అసలు ఈ స్టేషనే అక్కర్లేకపోవచ్చు.

డీసీ చార్జర్ బిగించడం సెల్ఫ్, డైనమో పనులు చేసే మంచి ఎలక్ట్రీషియన్‌కు సగం రోజు పని. వైరు విషయంలో రాజీపడొద్దు. బ్యాటరీ నుంచి డిక్కీకి ఐదు మీటర్లు, తిరిగి ఐదు మీటర్లు. 60 ఆంపియర్ల దగ్గర 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో పోయేది 0.65 వోల్టులు. ఇంట్లో గీజరుకు వేసే 4 స్క్వేర్ వైరే వేస్తే రెండున్నర వోల్టులకు పైగా, అంటే 150 వాట్లు, కార్పెట్ కింద వేడిగా మారతాయి. 80 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి, డిక్కీలో కాదు. బానెట్ దగ్గర రేకు అంచుకు వైరు ఒరుసుకుని షార్ట్ అయితే డిక్కీలోని ఫ్యూజుకు సంగతే తెలియదు. మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ డబ్బా ఉన్న కార్లలో మైనస్ వైరును బ్యాటరీకి కాకుండా బాడీ ఎర్త్ బోల్టుకు బిగించమనండి, లేకపోతే కారు కంప్యూటర్‌కు ఈ లోడు లెక్కకు రాదు. స్టేషన్‌ను ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదలొద్దు. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే అది చార్జింగ్ తీసుకోదు, మన వేసవిలో మూసిన కారు ఆ వేడిని ఇట్టే దాటుతుంది. ముందు పది నిమిషాలు ఏసీ వేసుకుని, ఆ తర్వాత చార్జర్ ఆన్ చేయండి. బిగించిన రోజే గంటసేపు హైవే మీద నడిపి, ఇంజన్ ఆపి, రెండు కొసల లగ్గులనూ (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్కలు), ఫ్యూజు డబ్బానూ చేత్తో తాకి చూడండి. వైరు కంటే లగ్గు ఎక్కువ వేడిగా ఉంటే క్రింపింగ్ (లగ్గును వైరు మీద నొక్కి బిగించడం) సరిగా పడలేదు, అప్పుడే మళ్లీ చేయించుకోండి.