ఊక బూడిదా, పిప్పి బూడిదా: సిమెంటులోకి ఏది మేలు?

చిత్తూరు చుట్టుపక్కల బెల్లం గానుగల దగ్గర పిప్పి బూడిద, బియ్యం మిల్లుల వెనక ఊక బూడిద. సిమెంటులో కొంత తగ్గించి ఏది కలపొచ్చని ఇల్లు కట్టుకునేవాళ్ళు అడిగితే, ఊక బూడిదే అంటాను. అదీ సరిగ్గా కాలినదైతేనే.

సిమెంటు నీళ్ళతో గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. దానికి బలం తక్కువ. బూడిదలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఆ సున్నంతో కలిసి, సిమెంటు బంక లాంటిదాన్నే ఇంకొంత తయారుచేస్తుంది. టన్ను వడ్లు ఆడిస్తే 200 కిలోల దాకా ఊక, ఆ ఊక కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద వస్తాయి. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికాయే. కాకపోతే మంట 700 డిగ్రీలు దాటి చాలాసేపు మండితే ఆ సిలికా స్ఫటికమైపోయి సున్నంతో కలవదు. నల్లగా ఉంటే బొగ్గు మిగిలినట్టు. లేత బూడిద రంగులో ఉన్నది తీసుకుని మెత్తగా మర పట్టించాలి.

పిప్పి బూడిదలో సిలికా తక్కువ. పైగా గానుగ పొయ్యిలో మంట ఒక్కతీరుగా ఉండదు. మట్టి, కాలని పీచు కలిసిపోతాయి. ఒకసారి జల్లెడ పట్టకుండానే దాన్ని పశువుల కొట్టం నేలకు కలిపించాను. మూడు నెలలకే ఆవుల గిట్టల కింద పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు విరిస్తే లోపల నల్లటి పీచు, వేలితో గీకితే రాలింది. మర పట్టి, జల్లించి వాడితే పనికొస్తుంది గానీ ఆ శ్రమ పడేవాళ్ళు తక్కువ.

చెనిక్కాయ పొట్టు బూడిదలో పొటాష్ ఎక్కువ. అది చేనికే పోయనీయండి.

ఊక బూడిద కూడా 10 శాతంతో మొదలుపెట్టండి: బస్తాకు 5 కిలోల సిమెంటు తీసి, అంత బూడిద. సిమెంటు ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు, అయ్యుండాలి. పీపీసీ రకం సిమెంటులో ఫ్లై యాష్ (కరెంటు కేంద్రాల బొగ్గు బూడిద) ముందే కలిసి ఉంటుంది, మళ్ళీ బూడిద పోస్తే తొలి బలం మరీ తగ్గుతుంది. ఈ బూడిద నీళ్ళు బాగా తాగుతుంది. మాలు బిగుసుకుందని మేస్త్రీ నీళ్ళు పోయబోతే ఆపండి, ప్లాస్టిసైజర్ (నీళ్ళు పెంచకుండానే మాలును జారుగా చేసే మందు) వాడమనండి. మన ఎండలకు 14 రోజులు నీళ్ళు పట్టాలి. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ఊక బూడిదను అనుమతించింది, కానీ నాణ్యత రుజువు కావాలి. అందుకే స్లాబుకు, పిల్లర్లకు మాత్రం అదే కాంక్రీటుతో క్యూబులు (పరీక్ష దిమ్మెలు) పోసి 28 రోజుల బలం చూడందే వద్దు. వాకిట్లో బండ, కొట్టం నేల, కాలిబాట అయితే ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు.