ఈజీఆర్ మూసి, ఎయిర్ పంప్ విప్పి పాత కార్బ్యురేటర్ ఇంజిన్ నడిపితే: చాలాకాలం వాడాక సమీక్ష

కాలుష్యం తగ్గించడానికి కంపెనీ బిగించే ఈ సామానంతా తీసేస్తే పికప్ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. రెండు రకాలుగానూ చాలాకాలం నడిపాను, పెరగలేదు. పెరగడానికి కారణమూ లేదు. ఈజీఆర్ వాల్వ్ ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడూ ఎలాగూ మూసుకునే ఉంటుంది. సగం థ్రాటిల్‌లో పోతున్నప్పుడే తెరుచుకుని కాస్త ఎగ్జాస్ట్‌ను ఇన్‌టేక్‌లోకి వదులుతుంది. దాంతో సిలిండర్‌లో వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి.

మూసేశాక ముందు బయటపడేది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండడం. టాప్ గేర్‌లో, సగం థ్రాటిల్‌తో ఎత్తు ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు. ఈజీఆర్ పనిచేస్తుందన్న లెక్కతోనే కంపెనీ వాక్యూమ్ అడ్వాన్స్ (వాక్యూమ్‌ను బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) పెడుతుంది మరి. బేస్ టైమింగ్ (స్పార్క్ పడే మూల సమయం) వెనక్కి తిప్పితే చప్పుడు పోతుంది, దాంతోపాటు మైలేజీ కూడా పోతుంది. తగ్గించాల్సింది వాక్యూమ్ అడ్వాన్స్‌ను. పట్టించుకోకుండా నడిపితే పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్లు (రింగ్ ల్యాండ్లు) విరగొచ్చు.

అసలు చాలామంది ఈజీఆర్ జోలికి వెళ్లేది ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతోందనే. అది చాలాసార్లు వాల్వ్ ఆనుకునే సీటు మీద కార్బన్ పేరుకుని వాల్వ్ మూసుకోకపోవడం వల్ల. బోల్టులకు ముందురోజే తుప్పు వదిలే నూనె పట్టించండి, బలవంతంగా తిప్పితే తల తెగుతుంది. సీటు గీకండి, డయాఫ్రమ్ రబ్బరుకు క్లీనర్ తగలనివ్వకండి. మానిఫోల్డ్‌లోని దారి కూడా శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేయండి. తర్వాత వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా చేతిపంపుతో వాల్వ్‌కు వాక్యూమ్ ఇవ్వండి. ఇంజిన్ తడబడాలి, లేదా ఆగిపోవాలి. వాల్వ్ లేచినా తేడా రాకపోతే దారి ఇంకా మూసుకునే ఉంది. వాక్యూమ్ నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. బ్యాక్‌ప్రెషర్ రకం (ఎగ్జాస్ట్ ఒత్తిడిని బట్టి పనిచేసే) వాల్వ్ అయితే బాగున్నా వాక్యూమ్ ఐడిల్‌లో నిలవదు, దాన్ని తొందరపడి పారేయకండి.

ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఎయిర్ పంప్ తీస్తే బెల్టు మీద కాస్త బరువు తగ్గుతుంది, అంతే. ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గర గాలి గొట్టాల రంధ్రాలకు స్టీలు ప్లగ్గులే వేయాలి. లీకైతే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో బయటి గాలి చేరి, మిశ్రమం పల్చగా ఉందని కంప్యూటర్ పెట్రోలు పెంచేస్తుంది. పంపు ఉంచుకున్నా, గాలిని ఒకవైపే వదిలే చెక్ వాల్వ్ పాడైతే వేడి ఎగ్జాస్ట్ వెనక్కి తన్ని హోసు కాలిపోతుంది. పంపు బేరింగ్ పోయినప్పుడు చెక్ వాల్వ్, హోసు రెండూ చూడండి.

క్రాంక్‌కేస్ ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ మాత్రం ముట్టుకోవద్దు. మూసేస్తే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి సీళ్లలోంచి ఆయిల్ కారుతుంది, లోపల బురద కడుతుంది. ట్యాంకులోని పెట్రోలు ఆవిర్లను పట్టే బొగ్గు క్యానిస్టర్ తీసి గొట్టం మూసేస్తే, ట్యాంకుకు గాలి వేరే దారిలో అందని బండిలో పెట్రోలు రాక ఇంజిన్ ఆగుతుంది. తెరిచి వదిలేస్తే కారంతా పెట్రోలు వాసన.

రోడ్డు మీద తిరిగే బండికి ఇవి తీయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, తనిఖీలో పాసవదు కూడా. అందుకే నా ఇంజిన్‌లో అన్నీ మళ్లీ బిగించి ఉన్నాయి. నిజంగా తేడా తెచ్చింది పగిలిన వాక్యూమ్ హోసులు మార్చడం. ఒక్కొక్కటే తీసి, అదే సైజుది అప్పటికప్పుడే ఎక్కించండి. ఐడిల్‌లో వాక్యూమ్ గేజి ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా నిలవాలి. వణుకుతుంటే లీకు, టైమింగ్, వాల్వులు వరసగా చూసుకుంటూ రండి.