కోస్తా సైకిల్ యాత్రల్లో మైనం పట్టించిన చైను: చాన్నాళ్ల వాడకం తర్వాత

సైకిల్ చైనుకు నూనె మానేసి మైనం పట్టించటం మొదలుపెట్టి చాలాకాలమైంది. అప్పటి నుంచి విశాఖపట్నం మొదలుకొని ఒంగోలు దాకా, సముద్రాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని సాగే దారిలో, దాదాపు ప్రతి శీతాకాలమూ సైకిల్ మీద వెళుతూనే ఉన్నాను. కోస్తా దారిలో ఎండ, ఎదురుగాలి, లారీలు మనిషిని ఎంత ఇబ్బంది పెట్టినా, సైకిల్‌ను నిజంగా తినేసేది మాత్రం ఇసుకే. ఆ ఇసుక నుంచి నా సైకిల్‌ను కాపాడింది మైనం. దాని మీద నాకున్న అభిమానాన్ని ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పబోయే ఇబ్బందిని కూడా ఆ అభిమానం ఉన్నవాడి మాటగానే చదవమని కోరుతున్నాను.

చైనును ఎలా కడగాలి, మైనాన్ని ఎలా కరిగించాలి, ఎంతసేపు ముంచి ఉంచాలి అన్నవి చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కనుక ఆ తతంగం జోలికి వెళ్లను. ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. పారఫిన్ మైనం దాదాపు 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి మరుగుతున్న నీటి వేడి దానికి సరిపోతుంది. మంట తగిలితే అంటుకునే వస్తువు అది. ఇల్లంతా వంట చేసుకునే పొయ్యి మీద ఈ పని చేస్తున్నప్పుడు ఆ జాగ్రత్త తప్పదు.

ఇక అసలు సంగతికి వస్తాను. భీమిలి వైపు బీచ్ రోడ్డు మీద గాలి గట్టిగా వీచిన రోజున తారు మీద సన్నని ఇసుక పాయలు పాయలుగా పాకుతూ పోతుంటుంది. తుని దాటాక కోనపాపపేట వైపు సరుగుడు తోటల పక్క దారుల్లో చక్రాలు కొన్ని చోట్ల బొటనవేలి లోతున ఇసుకలో దిగిపోతాయి. నూనె రాసిన చైనుతో ఈ దారిలో ఒక పూట తిరిగితే చాలు, నూనె, ఇసుక కలిసి నల్లటి ముద్దగా మారి, చైను లింకులను కలిపే పిన్నులనూ, వాటి చుట్టూ తిరిగే రోలర్లనూ సాన పట్టినట్టు అరగదీస్తుంది. చెవి పెట్టి వింటే కరకరమనే శబ్దం వినిపిస్తుంది. మైనం పట్టించిన చైను ఆరిపోయాక పొడిగా, కాస్త తెల్లగా ఉంటుంది. ఇసుక దాని మీద పడుతుంది కానీ పట్టుకుని ఉండదు. సాయంత్రం బస చేరి, పాత బనీను గుడ్డతో చైనును పట్టుకుని పెడల్‌ను రెండు చుట్లు వెనక్కు తిప్పితే, ఇసుక రేణువులు, గీకితే రాలే కొవ్వొత్తి పొట్టులాంటి మైనపు తునకలు కిందికి రాలిపోతాయి. అక్కడితో ఆ రోజు పని అయిపోయినట్టే. దారిలో చైను జారితే వేళ్లతోనే తిరిగి ఎక్కించి, చేయి రుమాలుకు తుడుచుకుని వెళ్లిపోవచ్చు. లాడ్జి మేడమెట్ల మీదుగా సైకిల్‌ను భుజాన మోసుకుపోతే చొక్కాకు మసి అంటదు. నూనె చైనుతో ఏళ్ల తరబడి తిరిగినవారికే ఈ సుఖం విలువ తెలుస్తుంది.

అరుగుదల విషయంలో నా నమ్మకం చెవి మీద కాక కొలత మీద ఆధారపడినది. చైనులో ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకు అర అంగుళం దూరం ఉంటుంది. కాబట్టి కొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగ్గా ఒక అడుగు. పిన్నులు అరిగేకొద్దీ ఆ పొడవు సాగుతూ పోతుంది. స్టీలు స్కేలును పిన్ను మధ్య నుంచి పెట్టి చూసినప్పుడు ఆ పొడవు ఒక అడుగుకు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చవలసిన సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా సాగనిస్తే వెనక పళ్ల చక్రాలు కూడా పాడైపోయి, కొత్త చైను వాటి మీద నిలవకుండా జారుతుంది. నూనె రోజుల్లో ఒక్క శీతాకాలపు ప్రయాణాలకే నా చైను ఆ పదహారో వంతు గీతకు చేరిపోయేది. మైనం మొదలుపెట్టాక, మామూలు తిరుగుళ్లు కలిపినా, స్కేలు మీద ఆ గీత చేరటానికి చాలాకాలం పట్టింది. చైను ఖరీదు కంటే పళ్ల చక్రాల ఖరీదు ఎక్కువ కనుక ఈ ఆదా చిన్నది కాదు.

ఇంతగా మెచ్చుకున్న వస్తువు నన్ను ఇబ్బంది పెట్టిన సందర్భం ఉప్పాడ దగ్గర ఎదురైంది. ఉప్పాడ నుంచి కాకినాడకు వెళ్లే బీచ్ రోడ్డు సంగతి గోదావరి జిల్లాల వారికి చెప్పనవసరం లేదు. సముద్రం ఆ తీరాన్ని ఏళ్ల తరబడి కోస్తూనే ఉంది. అడ్డంగా బండరాళ్లు పోసినా, అల్పపీడనం పట్టిన రోజున అలలు వాటిని దాటి రోడ్డు మీదికి వచ్చి పడతాయి. ఆ రోజు ఉదయం నుంచి ఆకాశం మబ్బుగానే ఉంది కానీ వాన లేదు, వాహనాలు తిరుగుతూనే ఉన్నాయి. సగం దారికి వచ్చేసరికి పోటు పెరిగి, రాళ్లకు కొట్టుకున్న అల ఒకటి లేచి రోడ్డు మీద తెల్లటి తెరలా పడింది. తర్వాత మరొకటి, మరొకటి. పక్కన ఆటో నడుపుతున్నతను ఆగకుండా వెళ్లిపొమ్మని చేయి ఊపాడు. వెళ్లాను. కాకినాడ చేరేసరికి నేనూ, సంచులూ, సైకిలూ ఉప్పునీళ్లలో ముంచి తీసినట్టు అయ్యాం. ఆ సాయంత్రమే యానాం వరకు వెళ్లి, బస చేసిన చోట వరండాలో సైకిల్‌కు తాళం వేశాను.

తెల్లవారి చూస్తే చైను పొడవునా లింకుల పలకల అంచులు, రోలర్ల పక్కలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రికి రాత్రి తుప్పు అంతగా పట్టటం నేను అంతకు ముందు చూడలేదు. యానాం నుంచి ఎదుర్లంక వంతెన ఎక్కి గోదావరి దాటుతున్నంతసేపూ చైను కీచుకీచుమంటూనే ఉంది. రెండు మూడు లింకులు బిగుసుకుపోయి, వెనక గేరు చక్రం దగ్గర మలుపు తిరిగినప్పుడల్లా ఎగిరిపడుతున్నాయి.

మైనం నీటిని తోసిపుచ్చుతుంది అన్నమాట నిజమే. కానీ అది గట్టి పదార్థం. చైను వంగుతూ తిరుగుతున్న కొద్దీ లింకుల పలకల మీద ఉన్న పొర పగిలి రాలిపోతుంది. నూనె అయితే ఖాళీ అయిన చోటికి మళ్లీ పాకి కొంతైనా కప్పుతుంది. మైనానికి ఆ పాకే గుణం లేదు. పిన్నుకూ రోలర్‌కూ మధ్య ఉన్న మైనం తన పని తాను చేస్తూనే ఉంటుంది కానీ, బయట బోసిపోయిన ఇనుము మీద ఉప్పునీరు రాత్రంతా కూర్చుంటే దాన్ని ఆపేది ఏదీ లేదు. ఇసుకను అంటనివ్వని ఆ పొడిదనమే ఉప్పు దగ్గర బలహీనత అయింది.

ముమ్మిడివరంలో రోడ్డు పక్కన పాత సైకిల్ షాపు ఒకటి కనిపిస్తే ఆగాను. షాపాయన పెద్దవాడు. చైను మీద వేలు రాసి, ఆ వేలిని వెలుగులోకి పెట్టి చూసుకుని, "ఇదేంటండీ, నూనె చుక్కన్నది లేదు దీనికి?" అని అడిగాడు. "మైనం పెట్టానండీ బాబాయ్ గారూ, ఇసుక పట్టకుండా ఉంటుందని" అన్నాను. ఆయన కాసేపు ఆ సంగతే ఆలోచించి, ఉప్పాడ అల సంగతి విన్నాక, "ముందు ఉప్పు వదలాలండి. ఉప్పు మీద ఏం రాసినా లోపల తింటానే ఉంటది" అని, బకెట్‌తో మంచినీళ్లు తెచ్చాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది. చైను ఊడదీసి మంచినీళ్లలో రెండుసార్లు జాడించాడు. పాత టూత్‌బ్రష్‌తో లింకు లింకూ రుద్దాడు. ఎండలో ఆరబెట్టి, డీజిల్ పోసిన రేకు డబ్బాలో వేసి మళ్లీ రుద్దాడు. బిగుసుకున్న లింకులను రెండు చేతుల బొటనవేళ్లతో పక్కలకు మెల్లగా వంచి వదులు చేశాడు. చివరికి గుడ్డతో పొడిగా తుడిచి, కుట్టుమిషన్ నూనె సీసాతో ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పైన మిగిలినదంతా తుడిచేశాడు. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన అడిగిన డబ్బు చేసిన పనికి చాలా తక్కువనిపించి ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. "వెళ్లేదారిలో అంతర్వేది ఉందిగా, అక్కడ హుండీలో వేసెయ్యండి" అన్నాడు.

చైను శబ్దం లేకుండా తిరిగింది. అయితే నూనె పడిన చైనుకు మళ్లీ మైనం పట్టాలంటే ఆ నూనె పూర్తిగా వదలగొట్టాలి. దారిలో అది కుదిరే పని కాదు. అందువల్ల ఆ యాత్రలో మిగిలిన దారంతా నూనె చైనుతోనే వెళ్లవలసి వచ్చింది. ఒకే యాత్రలో, ఒకే చైను మీద రెండు పద్ధతులూ పోల్చి చూసే అవకాశం అలా దొరికింది. చించినాడ వంతెన వైపు వెళ్లకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటాను. రేవులో దిగే చోట తడి ఇసుక, మోటార్‌సైకిళ్ల చక్రాలు చిమ్మే బురద. మొగల్తూరు దాటేసరికే చైను నల్లబడింది. కృత్తివెన్ను ప్రాంతంలో రొయ్యల చెరువుల మధ్య దారి మీద లారీల నుంచి కారే నీళ్లు, దుమ్ము దానికి తోడయ్యాయి. మచిలీపట్నం చేరేసరికి ఆ పాత కరకర మళ్లీ మొదలైంది. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి రేపల్లె, బాపట్ల మీదుగా ఒంగోలు దాకా ప్రతి సాయంత్రం చైను తుడవటానికే ఒక గుడ్డ ఖర్చయ్యేది. ఇంటికి చేరాక స్కేలు పెట్టి చూస్తే, అంతకు ముందు ప్రయాణాల్లో ఏనాడూ కనిపించనంత సాగుదల ఆ ఒక్క యాత్రలోనే కనిపించింది. ఉప్పు తిన్నదెంతో, ఇసుక తిన్నదెంతో విడదీసి చెప్పలేను కానీ, రెండింటికీ వాటా ఉందనే నా అభిప్రాయం.

ఆ అనుభవం తర్వాత కూడా నేను మైనం మానలేదు. కాని మొదట్లో మిత్రులకు చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పటం లేదు. ఇసుక అంటదన్నది పొడి ఇసుక విషయంలో పూర్తిగా నిజం. తడి ఇసుక అంటుతుంది, ఆరాక రాలిపోతుంది. ఆరేలోపు తొక్కితే నష్టం కొంత ఉంటుంది. ఒక పూత ఎంత దూరం వస్తుందన్నది మరో సంగతి. నా అనుభవంలో పొడి వాతావరణంలో 300 కిలోమీటర్ల వరకు బాగా పనిచేసి, ఆ తర్వాత చైను శబ్దం చేయటం మొదలవుతుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా 216వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే 390 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. విశాఖ నుంచి బయలుదేరితే దూరం ఇంకా ఎక్కువ. అంటే మధ్యలో ఎక్కడో ఒకచోట మళ్లీ పూత వేయక తప్పదు. ఇప్పుడు నేను మైనం పట్టించిన రెండో చైనును ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచి అడుగున పెట్టుకుని వెళుతున్నాను. చేతితో ఊడదీయగల జోడింపు లింకు ఉన్న చైను కనుక మచిలీపట్నంలో మార్చటానికి ఎక్కువసేపు పట్టదు. నీళ్లలో కలిపిన ద్రవ మైనం సీసాలు కూడా దొరుకుతాయి. వాడి చూశాను. వేసిన తర్వాత రాత్రంతా ఆరాలి, కోస్తాలోని తేమ గాలిలో అది సరిగా ఆరటం లేదు.

ఉప్పు విషయంలో మాత్రం ముమ్మిడివరం పెద్దాయన పద్ధతి నా పద్ధతి అయింది. అల తగిలినా, చినగంజాం ఉప్పు మడుల పక్కగా గాలిలో వచ్చినా, బస చేరగానే ముందు మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, తర్వాతే నా స్నానం. చైను కూడా ఇప్పుడు నికెల్ పూత ఉన్నదే కొంటున్నాను. మామూలు ఇనుప రంగు చైనుతో పోలిస్తే దాని మీద తుప్పు బాగా ఆలస్యంగా పడుతోంది.

ఇదంతా నా పరిస్థితికి సరిపోయిన పద్ధతి. నేను ఎక్కువగా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఈశాన్యపు గాలి వెనక నుంచి తోసే రోజుల్లో దక్షిణంగా వెళతాను. ఇంట్లో మైనానికే కేటాయించిన పాత గిన్నె ఒకటి, దాన్ని సహించే ఇల్లాలు ఉన్నారు. చైను కడగటానికి పెయింట్ల షాపులో టర్పెంటాయిల్ సులువుగా దొరుకుతుంది. ఇవేవీ లేనివారికి, ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో తిరిగేవారికి, వారాల తరబడి ఇల్లు చేరకుండా కన్యాకుమారి వరకు వెళ్లదలచినవారికి నేను మైనం చెప్పను. ఏ ఊరి షాపులోనైనా దొరికే నూనె, రోజూ తుడిచే ఓపిక వారికి మేలు. నవంబరు నెలలోనూ ఉప్పాడ రోడ్డు మీదుగా వెళ్లాలనుకునేవారు ఆ రోజు పోటు ఎప్పుడో జాలరులను అడిగి బయలుదేరటం మంచిది. పిఠాపురం మీదుగా కాకినాడకు రావటానికి రోడ్డు ఎలాగూ ఉంది.