తెల్లదోమకు బూజు పొడి: ఒక వేసవి, ఒక వానకాలం వాడి చూశాక

కొన్నది ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే బూజు పొడి. కిలో ప్యాకెట్ 380 రూపాయలు. పేరు నోరు తిరగక దుకాణంలో "తెల్లదోమకు కొట్టే బూజు ఇవ్వండి" అన్నాను, వెంటనే తీసిచ్చారు.

వనస్థలిపురంలో మాది పాత ఇల్లు. రెండు కొబ్బరిచెట్లు, ఒక జామ, ఒక సపోటా. కిందటి మార్చిలో కొబ్బరి కింద నిలబెట్టిన కారు మీద చేయి వేస్తే బంకలా అంటుకుంది. పక్షం తిరిగేసరికి జామాకులన్నీ కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగుల్లా నల్లబడ్డాయి. మావారు ఆ మసి ఎవరింటి పొగోనని రెండు రోజులు వీధంతా వాసన చూస్తూ తిరిగారు. నేను ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున తెల్లటి మైనపు పొడితో చుట్టలు చుట్టలుగా పెట్టిన మెలికల ముగ్గు, ఆ ముగ్గు వెంట సన్నటి గుడ్లు. కొమ్మ కదిపితే నూకల్లాంటి తెల్లదోమలు గుప్పున లేచాయి. 30 ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను గానీ ముగ్గు పెట్టే పురుగును చూడటం అదే మొదలు.

దీన్ని రూగోస్ సర్పిలాకార తెల్లదోమ అంటారు. పుట్టిల్లు మధ్య అమెరికా. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట బయటపడింది. ఆకు రసం పీల్చి తియ్యటి బంక విసర్జిస్తుంది, ఆ బంక మీద మసి తెగులు పెరుగుతుంది. మసి ఆకును తినదు, ఎండ తగలకుండా కప్పేస్తుంది.

మొదట చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. చెట్లకు మందు కొట్టే మనిషిని పిలిచాం. "ఒక్క దెబ్బకు పోతుందమ్మా" అంటూ, పేరు చింపేసిన సీసాలోంచి ఏదో కలిపి కొట్టి, 1,500 తీసుకుని వెళ్లాడు. ఆ కంపుకు మూడు రోజులు కిటికీలు తెరవలేదు. నెల తిరక్కుండానే దోమ మళ్లీ వచ్చింది, ఈసారి సపోటాకు కూడా. ఈ దోమ పిల్లల ఒంట్లో గుడ్లు పెట్టి, లోపలి నుంచే తినేసే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ ఉంటుందనీ, ఘాటు విషాలు కొడితే అది కూడా చస్తుందనీ ఆ తర్వాత చదివాను. మనకు ఊరికే పని చేసే కూలీని మనమే డబ్బిచ్చి చంపించామన్నమాట.

ఇక పొడి సంగతి. లీటరు నీళ్లకు 5 గ్రాములు. నేరుగా ట్యాంకులో పోస్తే నాజిల్ మూసుకుపోతుంది. చెంబులో జారుగా కలిపి, పాత పంచెలో వడగట్టి పోయాలి. పురుగు ఒంటికి అంటుకున్న బూజు విత్తనం మొలకెత్తి, చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. అందుకు గాలిలో తేమ కావాలి. ఇది తెలియక మే నెలలో, పైగా పొద్దున పది గంటలకు కొట్టాను. హైదరాబాదు ఎండకు పురుగులకన్నా ముందు బూజే చచ్చినట్టుంది. జులైలో ముసురు పట్టాక, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు కొట్టాను. ఆగస్టు చివరికి కొత్త మట్టల మీద ముగ్గు లేదు. పాత ఆకులను భూతద్దంతో చూస్తే నల్లబడిన పిల్ల పురుగులు కనిపించాయి, కొన్నింటి వీపున గుండ్రటి చిల్లు. అది బూజు పని కాదు, కందిరీగ బయటికి వచ్చిన గుమ్మం. పోయిన కూలీ తిరిగొచ్చిందని సంబరపడ్డాను.

పేరంతా పొడికే ఇవ్వను. ఏ మందూ కొట్టని పక్కింటావిడ జామచెట్టు కూడా వానలకు కొంత తేరుకుంది. మాది ఎక్కువ తేరుకుంది, అంతవరకే చెప్పగలను.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది గంజి. లీటరుకు 10 గ్రాముల మైదా కాచి, చల్లార్చి, నల్లటి ఆకుల మీద చల్లాను. మర్నాడు మధ్యాహ్నానికి ఎండిన గంజి పొరతో పాటు మసి కూడా అప్పడం ముక్కల్లా పెటపెటా ఊడి రాలింది. కింద ఆకుపచ్చ. చేత్తో గీకి గీకి గోళ్లు నల్లబడటం తప్ప ఫలితం లేని పని, గుప్పెడు మైదాతో అయిపోయింది.

స్ప్రేయరు నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కొన్నాం. బ్యాటరీది, 16 లీటర్లది. నిండా పోస్తే నా నడుము ఒప్పుకోదు, సగమే పోస్తాను. డాబాకు ఆనుకున్న కొబ్బరికి పైనుంచి అందింది, గేటు దగ్గరిదానికి అందలేదు. దాన్ని వానకే వదిలేశాను.

ఫిర్యాదు ఒకటుంది. ఇది ప్రాణమున్న సరుకు. గడువు తేదీ చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు, మొదటి ప్యాకెట్‌కు రెండు నెలలే మిగిలింది. దుకాణంలో దాన్ని పెట్టింది కూడా ఎండ పడే బల్ల మీద. అడిగితే లోపలి నుంచి కొత్తది తెచ్చిచ్చారు, మీరూ అడగండి.

పాత అలవాటు కొద్దీ మార్కులు: పొడికి పదికి ఏడు, స్ప్రేయరుకు ఆరు, గంజికి పదికి పది. మందు కొట్టిన మనిషి మళ్లీ పరీక్ష రాయాలి. మిగిలిన పొడి మెట్ల కింద చల్లటి గూట్లో దాచాను. మొన్న మావారు గంజి కాయడానికి అదే తీయబోయారు. ఇప్పుడు డబ్బా మీద ఎర్ర సిరాతో "ఇది మైదా కాదు" అని రాసి ఉంది.